పన్నెండు బస్తాల జాస్మిన్ రైస్

"ఎకరానికి ఎన్ని బస్తాలురా?" ఫోన్లో నాన్న అడిగిన మొదటి మాట ఇదే.

అప్పుడు నేను థాయ్‌లాండ్‌లోని రోయెట్‌లో, ఆఫీసు స్నేహితుడి వాళ్ళ పొలం గట్టు మీదున్నాను. నవంబర్, కోతల రోజులు. రై (అక్కడి నేల కొలత)కి 350 కిలోల ధాన్యం వస్తుందన్నారు. మన ఎకరమంటే వాళ్ళ లెక్కలో రెండున్నర రై. 75 కిలోల బస్తాలైతే నిండా పన్నెండు రావు. తణుకు దగ్గర మా చేలో సార్వాకే ముప్పై.

"మరెలా బతుకుతున్నార్రా వాళ్ళు?" అన్నారు నాన్న.

ఆ పొలాలున్న మైదానం పేరు తుంగ్ కులా రోంగ్‌హాయ్. నీళ్ళూ నీడా లేని ఈ దారిన వెళ్తూ కులా వర్తకులు ఏడ్చారట, ఆ పేరు అలా వచ్చిందంటారు. మట్టి చేతిలోకి తీసుకుంటే ఇసుకలా జారిపోయింది. గట్టు పక్కన తెల్లగా చౌడు పొంగి ఉంది. వాళ్ళు వేసేది 1959లో విడుదలైన ఖావ్ దాక్ మలి 105 అనే జాస్మిన్ వరి రకం. పగటి పొద్దు తగ్గితేనే ఈనుతుంది, అందుకే ఏడాదికి ఒక్క పంటే, అదీ వానల మీదే. యూరియా ఎక్కువైతే పైరు పడిపోతుంది. విచిత్రమేమిటంటే, ఆ చౌడూ, గింజ పాలు పోసుకునేటప్పటి ఆ బెట్టా ఉంటేనే బియ్యానికి వాసన బాగా పడుతుంది. కాలువ తవ్వి, ఎరువు గుమ్మరించి దిగుబడి పెంచుదామంటే ధర తెచ్చే ఆ వాసనే పోవచ్చు. బోర్లు తోడకుండా పండే ఈ పంటని తక్కువ చేసి చూడటం తప్పని నాకు గట్టిగా అనిపించింది.

నాకు దిగులు వేసింది వేరే దానికి. పిల్లలంతా బ్యాంకాక్‌లో ఉద్యోగాల్లో ఉన్నారు. నాట్లు ఊడ్చే మనుషుల్లేక విత్తనం వెదజల్లేస్తున్నారు, దాంతో కలుపు. కోత మిషన్ కోసిన పచ్చి ధాన్యం ఆరబెట్టడానికి చేతులు లేక తేమతోనే అమ్మేస్తే రేటు కోసేస్తారు. పక్క చేలో గడ్డి తగలబెడుతున్నారు, కళ్ళు మండాయి. అసలే సారం లేని నేల, ఆ గడ్డీ బూడిదైతే ఇక దానికి మిగిలేదేముంది?

మా స్నేహితుడి వాళ్ళమ్మ మాత్రం గడ్డి కాల్చనివ్వరు. ఇంట్లోంచి ఒక సంచి తెచ్చి విప్పి చూపించారు. నల్లటి, నున్నటి గింజలు. చూడగానే గుర్తుపట్టాను, జనుము! కోతవ్వగానే ఆ పదునులోనే చల్లి, పూత మీద నేలకి ఎరువుగా దున్నేస్తారట.

వీడియో కాల్ చేసి నాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"రైకి ఎన్ని కిలోలు చల్లుతున్నారో అడుగు" అన్నారు.

"అయిదు" అని ఆవిడ అరచెయ్యి చాపి చూపించారు.