ఆర్సీ బగ్గీకి టైర్లు అతికించిన నా అనుభవం

నిన్న సాయంత్రం బ్యాటరీ అయిపోయేదాకా నా ఆర్సీ బగ్గీని, అంటే రిమోట్‌తో నడిపే చిన్న కారుని, తిప్పాను. నాలుగు టైర్లలో ఒక్కటి కూడా రిమ్ వదల్లేదు. ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించిన పని ఇది. ముందు ఈ టైర్లు అతికించి పాడు చేసిన షాపాయన మీద కోపం ఇంకా చల్లారకముందే రాసేస్తున్నాను.

నాది వన్ బై ఎయిట్ స్కేల్, అంటే అసలు బండిలో ఎనిమిదో వంతు సైజు బగ్గీ, బాగా వేగంగా తిరిగే బ్రష్‌లెస్ మోటారుది. ఈ సైజు బండికి టైరు ఊరికే తొడిగితే నిలవదు. థ్రాటిల్ నొక్కగానే చక్రం తిరిగే వేగానికి రబ్బరు మధ్యలో ఉబ్బి, రెండు వైపులా అంచుల్ని లాగేస్తుంది. అందుకే బీడ్‌ని, అంటే రిమ్ గాడిలో కూర్చునే టైరు అంచుని, జిగురుతో పట్టించాలి.

టైర్లు, రిమ్ములు, లోపల పెట్టే ఫోమ్‌లు ఆన్‌లైన్లో తెప్పించాను. అందులో ఇబ్బందేమీ లేదు. అతికించే పని మాత్రం తెలిసినవాళ్ళు చేస్తే మంచిదని విశాఖలోనే ఒక షాపులో ఇచ్చాను. కూలి ముందే తీసుకుని మర్నాటికి చేసిచ్చాడు.

ఆదివారం మధురవాడ వైపు ఒక ఖాళీ లేఅవుట్లో ఇలాంటి బళ్ళు తిప్పే మా గ్రూపు వాళ్ళం అందరం కలిశాం. మొదటి గెంతు దిగగానే వెనక ఎడమ టైరు సగం ఊడి, బాడీకి టపటపా కొట్టుకుంటూ బండిని గుండ్రంగా తిప్పేసింది. కాసేపటికి కుడిది కూడా పోయింది. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు నవ్వారు, అది పట్టించుకోలేదు. ఆ చక్రాలు పట్టుకుని షాపుకి వెళ్తే జరిగిందే బాధ. నలుగురు కస్టమర్ల ముందు ఆయన చక్రాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. "థ్రాటిల్ ఒకేసారి నొక్కేస్తే టైరేం చేస్తుంది సార్? మీ చెయ్యి బరువు" అన్నాడు. నేను బీడ్ చూపించబోతే, "బొమ్మ బండే కదా సార్, ఏటంత టెన్షన్? పిల్లల ఆట పిల్లలకి వదిలెయ్యండి" అన్నాడు. అక్కడున్న ఒకాయన పగలబడి నవ్వాడు. నేను కష్టపడి సంపాదించిన డబ్బుతో కొనుక్కున్న బండి అది. డబ్బు తీసుకుని చేసిన పని పాడైతే, కనీసం చేతిలోకి తీసుకుని చూడడం మర్యాద.

ఇంటికొచ్చి టేబుల్ లైటు కింద ఆ చక్రాన్ని తిప్పి తిప్పి చూశాను. ఒక చోట నా చూపు ఆగిపోయింది. రిమ్ గాడి చుట్టూ జిగురు తెల్లటి గీతలా చెక్కు చెదరకుండా ఉంది. టైరు బీడ్ మాత్రం నున్నగా మెరుస్తోంది. దాని మీద జిగురు ఆనవాలే లేదు. చిరిగిపోయిన రబ్బరు ముక్క ఒక్కటైనా రిమ్‌కి అంటుకుని లేదు. అంటే జిగురు ప్లాస్టిక్‌ని పట్టుకుంది, రబ్బరుని పట్టుకోలేదు. నా చెయ్యి బరువైతే రబ్బరు చిరగాలి కదా!

కారణం వెతికితే దొరికింది. టైరు అచ్చులోంచి తేలిగ్గా ఊడి రావడానికి ఫ్యాక్టరీలో ఒక జిడ్డు పదార్థం రాస్తారు. కొత్త టైరు మీద అది అలాగే ఉంటుంది. కడగకుండా అతికిస్తే నూనె గిన్నెకి స్టిక్కర్ అంటించినట్టే. టైర్లకి వాడే జిగురు సయనోఅక్రిలేట్, మన ఫెవిక్విక్ కూడా ఆ జాతే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో శాస్త్రవేత్త హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురి చూసే పారదర్శక ప్లాస్టిక్ కోసం ప్రయత్నిస్తుంటే ఈ పదార్థం చేతికొచ్చింది. ముట్టుకున్న ప్రతిదానికీ అతుక్కుపోతోందని అప్పట్లో పక్కన పెట్టేశారు. అంతటి జిగురు కూడా నా టైరుకి పట్టలేదంటే ఆ బీడ్‌ని ఎవరూ తుడవలేదనే అర్థం.

పాత జిగురు తియ్యడానికి అటక మీది సత్తు గిన్నె దింపి చక్రాలు ఉడకబెట్టాను. అరగంట మరిగితే జిగురు బలం పోతుంది, ప్లయర్‌తో బీడ్ లాగితే వచ్చేస్తుంది. కిటికీలు తెరిచి ఉంచండి, ఘాటు వస్తుంది. ఆ గిన్నె ఇక వంటకి పనికిరాదు. ఎసిటోన్‌లో నానబెట్టమని కొందరు చెప్తారు. అది మండే పదార్థం, కొన్ని రకాల ప్లాస్టిక్ రిమ్ముల్ని పాడు చేస్తుంది కూడా. నేను దాని జోలికి పోలేదు.

టైర్లని గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టాను. రిమ్ గాడిని స్కాచ్‌బ్రైట్‌తో కాస్త గరుకు చేశాను. తర్వాత గాడినీ, బీడ్‌నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (జిడ్డు తీసే స్పిరిట్ లాంటి ద్రవం)తో, గుడ్డకి నలుపు అంటడం ఆగేదాకా తుడిచాను. తుడిచాక వేలితో ముట్టుకోకండి, మన చేతి జిడ్డు కూడా చాలు. ఫోమ్ మెలిక పడకుండా, దాని అంచు బీడ్ కింద ఇరుక్కోకుండా సర్దాలి. టైరు మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తుంటే ఎడమా కుడీ చూసుకోండి.

జిగురు పల్చటిదే తీసుకోండి, చిక్కటిది లోపలికి పాకదు. బొటనవేలితో టైరు పక్క గోడని కొద్దిగా వెనక్కి లాగి, ముందు నాలుగు చోట్ల చుక్కలు వేసి, అవి పట్టాక మిగతా చుట్టూ వేశాను. పల్చటి జిగురు గాడి వెంట దానంతటదే పరుగెత్తుతుంది. చుట్టూ ఒక రబ్బరు బ్యాండు వేస్తే బీడ్ గాడిలోనే బిగిసి ఉంటుంది. ఈ జిగురు గట్టిపడేది తేమ వల్ల. మన విశాఖ ఉక్కపోతలో ఇంకా తొందరగా పట్టేస్తుంది, కాబట్టి టైరు సరిగ్గా కూర్చున్నాకే చుక్క వెయ్యండి. ఒక వైపు పూర్తిగా పట్టాక రెండో వైపు. ఆ రాత్రంతా కదిలించలేదు.

కళ్ళజోడు పెట్టుకోండి. దూది, నూలు గుడ్డ, నూలు గ్లవ్స్ ఈ జిగురు దగ్గరికి రానివ్వకండి. నూలు తగిలితే చర్మం కాలేంత వేడి పుడుతుంది. ఇది ఆ షాపాయన కూడా తెలుసుకోవాలి, ఆయన దగ్గర చూసింది నూలు గుడ్డే.

మా గ్రూపులో ఇద్దరు నిన్నే తమ చక్రాలు తెచ్చిచ్చారు. కూలి లేకుండా చేసిస్తానన్నాను. నా బీడ్‌ని ప్లయర్‌తో లాగి చూపించాను, రబ్బరు సాగింది గానీ ఊడలేదు. ఆ షాపులో కట్టిన కూలి మాత్రం ఇంకా వెనక్కి రాలేదు. ఈ వారం చక్రం పట్టుకెళ్ళి మళ్ళీ అడుగుతాను.