మోరిస్ మైనర్ ముందు చక్రాల దగ్గర ఒక వేసవి

ఇంగ్లండ్‌లో మా ఇంటి గరాజులో ఉన్న 1967 నాటి మోరిస్ మైనర్ కారుకు ముందువైపు టెలిస్కోపిక్ షాక్ అబ్జార్బర్లు (ఒకదానిలో ఒకటి జారే గొట్టాలతో కుదుపును ఆపేవి) అమర్చాలన్న కోరిక రెండేళ్లుగా ఉండగా, ఈ వేసవిలో ఆ పనికి పూనుకున్నాను. తీరా చక్రాలు విప్పి చూశాక, కొత్త సామాను పెట్టె తెరవకముందే చేయవలసిన పని చాలా ఉందని అర్థమైంది.

అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేసిన ఈ కారు 1948లో లండన్‌లోని ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో తొలిసారి జనం కంటబడింది. దీని ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగులు గానీ కమాన్లు గానీ ఉండవు. ఇరువైపులా టార్షన్ బారు అనే ఒక్కొక్క ఉక్కు కడ్డీ, చక్రాన్ని కారు బాడీకి కలిపే కింది ఆర్మ్ దగ్గర మొదలై, కారు అడుగున అడ్డంగా ఉన్న దూలం లాంటి క్రాస్‌మెంబర్ దాకా వెళుతుంది. చక్రం పైకి లేచినప్పుడు ఆ కడ్డీ మెలిపడి, దిగినప్పుడు విడుచుకుంటుంది. మన అంబాసిడర్ ముందుభాగంలో ఉండేదీ టార్షన్ బారే కనుక, ఆ బండ్ల మీద చేయి తిరిగిన మెకానిక్కులకు ఇది వింతగా తోచదు. పై ఆర్మ్ సంగతి మాత్రం చిత్రమైనది. మైనర్‌లో దానికంటూ వేరే భాగం లేదు. నూనె నింపిన లివర్ షాక్ అబ్జార్బర్ చెయ్యే పై ఆర్మ్‌గానూ పనిచేస్తుంది. అందువల్ల దాని లోపలి బేరింగు అరిగితే కుదుపును ఆపే శక్తి తగ్గడమే గాక, చక్రం నిలిచే కోణం కూడా చెడుతుంది.

నేను కొన్న కిట్‌లో పాత లివర్ షాక్ అబ్జార్బర్ స్థానంలోనే ఉండి పై ఆర్మ్‌గా కొనసాగుతుంది. కుదుపును ఆపే పని కొత్త గొట్టానికి అప్పగించబడుతుంది. పాత దాంట్లో నూనె ఇక అవసరం లేదని కొందరు తీసేస్తారు గానీ, లోపలి బేరింగుకు ఆ నూనే ఆధారం కనుక నేను నిండుగా ఉంచాను. వదులైపోయిన లివర్ మీద కొత్త గొట్టం బిగించడం, గోడ బీటలు వారితే సున్నం వేసినట్టే అవుతుంది.

అసలు భయమంతా ట్రనియన్లు అనే మరల గుల్లల దగ్గర ఉంది. చక్రాన్ని మోసే స్వివెల్ పిన్నుకు కింద, పైన మరలు ఉంటాయి. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ అవి ట్రనియన్లలో తిరుగుతాయి. గ్రీజు అందక కింది మర అరిగిపోతే పిన్ను ఊడిపోయి, చక్రం మడ్‌గార్డు కిందికి ఒరిగిపోతుంది. ఇది ఎక్కువగా కారు నిలిపేటప్పుడు, చక్రం బాగా తిప్పినప్పుడు జరుగుతుందని చెబుతారు. అదే కాస్త అదృష్టం. నా కారులో కుడివైపు కింది ట్రనియన్ చేత్తో కదిపితేనే టకటకమంది. రెండు వైపులా పిన్నులు, ట్రనియన్లు మార్చాను. కుడి ఎడమలకు మరలు వేరువేరు కనుక ఒకదానిది మరొకదానికి పనికిరాదు. కొత్త ట్రనియన్‌ను పిన్ను మర మీద చివరిదాకా తిప్పి, స్టీరింగు రెండు కొసలకూ అడ్డు లేకుండా తిరిగేటంత మేరకు వెనక్కి తీయాలి.

విప్పేటప్పుడు టార్షన్ బారు మెలిపడి ఉంటుందన్న సంగతి మరువరాదు. కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి, పై ట్రనియన్ విడదీసి, కడ్డీ బిగువు పూర్తిగా సడలేదాకా జాకీని నిదానంగా దించాను. కుడి ఎడమ బార్లు పరస్పరం మార్చరాదు. ఏళ్ల తరబడి ఒకవైపే మెలిపడిన ఉక్కు అటువైపే పనిచేస్తుంది.

ఒక తప్పు నా చేతుల మీదుగానే జరిగింది. కింది ఆర్మ్ రబ్బరు బుష్‌ల బోల్టులను, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే గట్టిగా బిగించేశాను. కారు నేలమీదికి దిగాక ముందుభాగం అనుకున్నంత కిందికి దిగలేదు. రబ్బరు ఆ వేలాడిన భంగిమలోనే పట్టేసి, స్ప్రింగులా ఎదురు నెడుతోంది. మళ్లీ వదులు చేసి, కారు బరువు చక్రాల మీద ఉండగా బిగించిన తరువాత గానీ అది సరిపడలేదు. ఒక శనివారం సాయంత్రమంతా దానికే పోయింది.

బ్రిటన్‌లో 2018 మే నుంచి 40 ఏళ్లు దాటిన కార్లకు వార్షిక తనిఖీ మినహాయింపు ఉంది. కారును గణనీయంగా మారిస్తే ఆ మినహాయింపు పోతుంది, సస్పెన్షన్ రకాన్ని మార్చడమూ ఆ కోవలోకే వస్తుంది. అయితే భద్రత కోసం చేసిన మెరుగుదలకు నిబంధనల్లో వెసులుబాటు ఉంది. బిల్లులు, ఫొటోలు ఒక ఫైలులో పెట్టి ఉంచాను. మినహాయింపు ఉన్నా తనిఖీకి తీసుకెళ్లడమే నా అలవాటు.

చివరగా ముందు చక్రాల టో-ఇన్‌ను (వాటి ముందు అంచులు కాస్త లోపలికి తిరిగి ఉండే కొలతను) మాన్యువల్‌లో ఉన్న 3/32 అంగుళానికి సరిచేశాను. వీధి చివరి స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడు ముక్కు ఇదివరకు రెండు మూడుసార్లు ఊగేది. ఇప్పుడు ఒక్కసారి వంగి నిలుస్తోంది. ఇందులో కొత్త గొట్టాల వాటా ఎంతో, కొత్త ట్రనియన్ల వాటా ఎంతో విడదీసి చెప్పలేను గానీ, మళ్లీ చేయవలసి వస్తే ట్రనియన్లనే ముందు కొంటాను. గ్రీజు గన్ ఇప్పుడు డ్రైవరు సీటు వెనకాలే ఉంటోంది.