ఈతబెల్లం రోజుల్లో కోల్‌కతా

కోల్‌కతా చూడటానికి ఏ నెల మంచిదని అడిగితే బెంగాలీలు సాధారణంగా దుర్గాపూజ రోజుల పేరే చెబుతారు. ఆ సంబరాన్ని కాదనలేను గాని, కాళ్ళు నొప్పి పుట్టేదాకా తిరుగుతూ, కడుపునిండా తింటూ ఆ ఊరిని అనుభవించాలంటే జనవరిలోనే వెళ్ళాలని నా అభిప్రాయం. సంక్రాంతి పండుగ కాగానే విశాఖలో రైలెక్కి, మా పిన్ని కూతురి కోసం ఒక డబ్బా అరిసెలు పట్టుకొని హౌరాలో దిగాను. ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోత వదలని ఆ ఊళ్ళో, డిసెంబరు నడిమి నుంచి జనవరి చివరి దాకా మాత్రం ఉత్తరపు గాలి వీచి, రాత్రివేళ ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీలకు దిగుతుంది. లంబసింగి చలి ఎరిగినవారికి ఇదొక చలే కాదు. అయినా సాయంత్రం అయ్యేసరికి పెద్దవాళ్ళ తలలమీదికి మంకీ క్యాపులు ఎక్కేస్తాయి. చలి ఉండేది కొద్ది వారాలే కాబట్టి, అందులో ఒక్క పూటను కూడా వృథా పోనివ్వకూడదన్న పట్టుదల ఊరందరిలోనూ కనిపిస్తుంది.

స్టేషను బయటికి రాగానే టాక్సీ కోసం చూడకుండా ఫెర్రీ ఎక్కడం మేలని మా చెల్లెలు ముందే చెప్పింది. ఆ ఉదయం హుగ్లీ మీద మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, 26,500 టన్నుల ఉక్కుతో, నట్లూ బోల్టులూ లేకుండా కేవలం రివెట్లతో బిగించి 1943లో ప్రారంభించిన హౌరా వంతెన పై సగం కనిపించనే లేదు; బస్సుల హారన్లు మాత్రం ఆకాశంలో నుంచి వస్తున్నట్లు వినిపించాయి. బాబూఘాట్ వద్ద గంగ సముద్రంలో కలిసే గంగాసాగర్ వద్ద స్నానాలు ముగించుకొని తిరిగి వచ్చిన యాత్రికులు మూటలు సర్దుకుంటూ, నెగళ్ళు వేసుకొని చలి కాచుకుంటూ ఉన్నారు. మన సంక్రాంతి నాడే వారి పుణ్యస్నానం కూడా.

ఈ ఋతువులో బెంగాల్‌ను నడిపించేది నొలేన్ గుర్, అంటే కొత్తబెల్లం. ఇది ఈతచెట్టు రసంతో కాచేది. మన పల్లెల్లో కల్లు దించే ఈత, వారి బెల్లపు చెట్టు ఒకటేనన్న సంగతి నాకు అక్కడికి వెళ్ళేదాకా తట్టలేదు. దానిని చూడాలన్న కోరికతో ఒక తెల్లవారుజామున సియాల్దా నుంచి లోకల్ రైలులో జయనగర్ వైపు వెళ్ళాం. చెట్టెక్కి గీసే మనిషిని అక్కడ శియులి అంటారు. మన గీత కార్మికుడిలాగే నడుముకు తాడు బిగించుకొని ఎక్కి, మట్టల మొదట్లో బెరడును పలచగా చెక్కి, వెదురు గొట్టం దించి, సాయంత్రం మట్టికుండ కట్టి దిగుతాడు. సూర్యుడు పైకి రాకముందే మళ్ళీ ఎక్కి కుండ దించుతాడు. రాత్రి చల్లగా ఉంటే రసం పులియదు, తియ్యగానే ఉండిపోతుంది. ఎండ తగిలితే మాత్రం పులియడం మొదలవుతుంది. చెట్టుకు కొన్ని రోజులు విశ్రాంతినిచ్చి, ఆపైన గీసిన మొదటి రాత్రి రసమే అన్నింటికన్నా మేలైనదట. ఒక ముసలాయన గ్లాసులో పోసి ఇచ్చిన ఆ రసం పళ్ళు జివ్వుమనేంత చల్లగా, లేత పొగవాసనతో ఉంది. పక్కనే వెడల్పాటి రేకు పళ్ళెంలో, ఎండుటాకుల మంట మీద కాగుతున్న రసం మొదట నురగలెత్తి, క్రమంగా ఎర్రబడి, గరిటెతో ఎత్తితే తీగసాగే పాకంగా మారింది.

జయనగర్ పేరుతో చెప్పుకొనే మోయా అనే మిఠాయి, మన పేలాలుండకు వరుసకు చుట్టమే. కనక్‌చూర్ అనే సువాసన గల ధాన్యం పేలాలను ఈ బెల్లంపాకంలో కలిపి, నెయ్యి, కోవా, జీడిపప్పు చేర్చి చుడతారు; 2015లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన ఉండలా పటుక్కుమని కొరకాల్సిన పని లేదు. రెండు వేళ్ళతో నొక్కగానే విడిపోతుంది. ఇక నగరంలోని మిఠాయి దుకాణాలన్నీ ఈ నెలల్లో లేత గోధుమరంగులోకి మారిపోతాయి. తెల్లని రసగుల్లా, సందేశ్‌లు పక్కకు జరిగి, బెల్లం రకాలు ముందుకు వస్తాయి. జలభరా సందేశ్ లోపల పాకం దాచి ఉంటుంది. అజాగ్రత్తగా కొరికితే అది మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతుంది. చొక్కా చేతులు ముందే మడుచుకోవడం మంచిది. ఉదయం పూట పచ్చిబఠాణీ ముద్ద కూరి వేయించిన కచోరీ, ఆలూ దమ్ తిన్న తరువాత ఇన్ని తీపులు ఎలా పడతాయో నాకు అర్థం కాలేదు గాని, పట్టాయి.

ఈసారి శ్రీపంచమి జనవరిలోనే వచ్చింది. పసుపు చీరలు కట్టుకున్న ఆడపిల్లలతో వీధులన్నీ నిండిపోయాయి. మనం భోగినాడు పిల్లల తలలమీద పోసే రేగిపళ్ళను, బెంగాలీ పిల్లలు సరస్వతీపూజ అయ్యేదాకా ముట్టుకోరు; ముందే తింటే పరీక్ష తప్పుతారని పెద్దలు భయపెడతారట.

పుస్తకాల సంత గురించి చెప్పకపోతే అన్యాయమే అవుతుంది. 1976లో మైదాన్‌లో మొదలైన ఈ పుస్తక ప్రదర్శన ఇప్పుడు సాల్ట్ లేక్‌లో జరుగుతోంది. మన విజయవాడ పుస్తకాల పండుగను ఏళ్ళ తరబడి చూసినవాడినైనా, చిన్న పత్రికల కోసం ప్రత్యేకంగా కేటాయించిన మండపంలో కుర్రవాళ్ళు తాము అచ్చువేసిన కవితల పుస్తకాలు పట్టుకొని దారినపోయే వారిని ఆపి మరీ చదివి వినిపించడం చూసి కొంత అసూయ కలిగింది.

అన్నింటికన్నా నా మనసుకు పట్టినది డోవర్ లేన్ సంగీత సమ్మేళనం. 1952లో మొదలైన ఈ సభ నజ్రుల్ మంచ్‌లో రాత్రంతా సాగుతుంది. సాయంత్రపు కచేరీలకు మాత్రమే అలవాటుపడిన మనకు, అర్ధరాత్రి దాటాక పాడవలసిన రాగాలను ఆ వేళలోనే వినే అవకాశం చాలా అరుదు. శాలువాలు కప్పుకొని తాళం వేస్తున్న ముసలివారు, మూడు గంటల వేళ టీ కోసం వరుసలో నిలబడి ఆలాపన మీద వాదించుకుంటున్న కుర్రవారు, వెనుక వరుసలో నిశ్చింతగా గురకపెడుతున్న ఒక పెద్దమనిషి, అందరూ ఆ సభకు చెందినవారే. తెల్లవారేసరికి నాకు కూడా రెండుసార్లు కన్నంటుకుంది.

తిరుగు ప్రయాణానికి బెల్లం కొనేటప్పుడు మా చెల్లెలు గట్టిగా హెచ్చరించింది: "అన్నయ్యా, రాయిలా ఉన్న అచ్చు కొనకు, అందులో పంచదార కలిపి ఉంటారు. వేలితో నొక్కితే విరిగేదే తీసుకో." అలా తెచ్చిన అచ్చును పరమాన్నంలో వేయాలంటే పొయ్యి మీద నుంచి దించి, కాస్త చల్లారాక కలపాలి, లేకుంటే పాలు విరిగిపోతాయి. ఫిబ్రవరి ముదిరి ఎండ పెరిగితే రసం వాసన తగ్గిపోతుంది కనుక, వెళ్ళదలచినవారు జనవరిలోనే చేరేలా, సంక్రాంతి రద్దీని దృష్టిలో పెట్టుకొని రైలు టిక్కెట్లు ముందే తీసుకోవడం మంచిది.