అర్ధరాత్రి 'అసైలమ్'

మా అక్క బిడ్డ ఇచ్చిన ఇంగ్లీషు నవల, మాడెలిన్ రూ రాసిన 'అసైలమ్', రాత్రి పూర్తి చేశా. 2013లో వచ్చింది. టీనేజ్ పిల్లల హారర్ కదా, ఏముంటుందిలే అనుకున్నా.

డాన్ అనే కుర్రాడు సమ్మర్ క్లాసులకని న్యూ హాంప్‌షైర్ కాలేజీకొస్తాడు. వాళ్లకిచ్చిన హాస్టల్ ఒకప్పటి పిచ్చాసుపత్రి. సొరుగులో ఓ పాత ఫొటో దొరకడంతో మొదలవుతుంది గోల. పేజీల మధ్యలో నలుపు తెలుపు ఫొటోలు కూడా వేశారు. కథ కన్నా అవే నన్ను ఎక్కువ వణికించాయి. సరిగ్గా ఆ బేస్‌మెంట్ సీన్‌లో ఉండగా మా హనుమకొండలో కరెంటు పోయింది. ఫోన్ టార్చ్ వేసి మరీ చదివా, అదేం పిచ్చో! కాజీపేట వైపు రైలు కూత వినబడితే గుండె జారింది.

చివర్లో మాత్రం హడావుడిగా చుట్టేశారు.

దెయ్యాల సంగతి పక్కన పెడితే, అప్పటి ఆసుపత్రుల్లో జరిగిన నిజాలే ఎక్కువ భయం. మెదడు నరాలు కోసే లోబోటమీకి 1949లో పోర్చుగల్ డాక్టర్ ఈగాస్ మోనిజ్‌కి నోబెల్ ఇచ్చారు! అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్ అనే డాక్టరైతే కంటిగుంట పైనుంచి ఐస్ గడ్డలు పగలగొట్టే సూది లాంటిది మెదడులోకి దింపేవాడు. ఇలాంటి కథల్లో రోగులనే రాక్షసుల్లా చూపిస్తారు, అదొక్కటి నాకు నచ్చదు. మనమేం తక్కువ కాదు, ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "ఎర్రగడ్డకు పంపాలె" అని నవ్వేస్తాం.

రెండో భాగం 'శాంక్టమ్' కూడా ఉంది. అది మాత్రం పగలే, హాల్లో నలుగురి మధ్య కూర్చుని చదువుతా.