4 అంకె పక్కన మచ్చ

నాన్న వాచీకి సర్వీసింగ్ ఎస్టిమేట్ వచ్చింది. మొత్తం చూడగానే గుండె గుభేలుమంది. "ఖరీదైన వాచీ అనేసరికి నోటికొచ్చినంత చెబుతారు" అన్నారు ఈయన. మధ్యాహ్నం దాకా నేనూ అదే మాట మీద ఉన్నాను.

తర్వాత కూర్చుని లెక్కేశాను. అది కీ ఇచ్చే వాచీ. సెకనుకి 5 సార్లు, గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది. నాన్న పోయాక నేను రోజూ కీ ఇచ్చానే కానీ ఒక్కసారీ సర్వీసింగ్ చేయించలేదు. నూనె ఎండిపోతే ఇరుసులు అరిగిపోవూ? ప్రతి చక్రాన్నీ విప్పి, కడిగి, కావలసినచోట కావలసినంతే నూనె వేసి, మళ్ళీ కూర్చి, టైము సరిచూడాలి. ఆ పనికి వేసిన కూలి ఎక్కువని ఇక అనను.

నిద్ర పట్టనివ్వనిది కింద ఉన్న రెండు లైన్లు. 'డయల్, ముళ్ళ మార్పిడి'. 'కేసు పాలిష్'. ఫోన్ చేసి అడిగితే "కొత్తదానిలా అయిపోతుంది మేడమ్" అంటాడు ఆ అబ్బాయి. కొత్తదానిలా ఎవరడిగారు? పాలిష్ అంటే లోహాన్ని కాస్త అరగదీయడమే. పోయిన అంచు మళ్ళీ రాదు. పాత వాచీకి అసలు డయలే విలువ. అది తీసేసి, దానికి నా దగ్గరే డబ్బు తీసుకుని, పాతది వాళ్ళే ఉంచుకుంటారట! అవి వద్దు, సర్వీసింగ్ ఒక్కటే చేయండంటే "అంతా కలిపే మేడమ్" అని ఒకటే పాట.

ఆ డయల్ మీద 4 అంకె పక్కన గోధుమరంగు మచ్చ ఉంది. నేను మూడో తరగతిలో ఉండగా బడి నుంచి వస్తూ వానలో చిక్కుకున్నాం. గొడుగు మొత్తం నా మీదికే వంచి, చెయ్యి బయటపెట్టి నడిచారు నాన్న. ఇంటికొచ్చేసరికి అద్దం లోపల ఆవిరి పట్టేసింది. రాత్రంతా టేబుల్ లైటు కింద పెట్టారు. పొద్దున్నకి ఆవిరి పోయింది, మచ్చ మిగిలింది. నేను ఏడుస్తుంటే "ఆడుతోంది కదమ్మా" అని నా చెవి దగ్గర పెట్టారు.

ముళ్ళ విషయంలో మాత్రం ఇప్పుడు మెత్తబడుతున్నాను. వాటి మీది రేడియం పూత పొడిగా రాలుతోంది. ఆ పొడి లోపలికి పడితే చేసిన సర్వీసింగ్ అంతా వృథా. మార్చనీ, పాతవి పొట్లం కట్టి ఇస్తే చాలు.

రేపు తెరవగానే ఫోన్ చేస్తాను. దేనికెంతో విడివిడిగా రాసిమ్మని అడగాలి. దానికన్నా ముందు, డయల్ మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పాలి. కుదరదంటే వాచీ వెనక్కి తెచ్చేసుకుంటాను.