నాహం దండధరస్తవ

కాణిపాకం వెళ్ళేవాళ్ళు బావిలో వెలసిన వరసిద్ధి వినాయకుణ్ణి దర్శించుకుంటారు, చేయాల్సిన ప్రమాణం ఉంటే చేస్తారు, ప్రసాదం తీసుకుని చిత్తూరు బస్సెక్కేస్తారు. అక్కడే ఉన్న బాహుదా నదిని పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఇంట్లో పెద్దవాళ్ళు చేసిన తప్పుతో లోలోపల నలిగిపోతున్నవాళ్ళు ఆ నది కథ తప్పకుండా తెలుసుకోవాలి.

కథ మహాభారతం శాంతిపర్వంలో ఉంది. యుద్ధం ముగిశాక కుమిలిపోతున్న ధర్మరాజుకు వ్యాసుడు చెబుతాడు. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు, ఇద్దరూ తపస్వులే. అన్న లేని సమయంలో లిఖితుడు ఆయన ఆశ్రమంలోని పండ్లు కోసుకు తిన్నాడు. అడగకుండా తీసుకోవడం దొంగతనమే, రాజు దగ్గరికి వెళ్ళి శిక్ష వేయించుకో అన్నాడు అన్న. సుద్యుమ్న మహారాజు క్షమించబోయినా లిఖితుడు ఒప్పుకోలేదు. చేతులు తెగిపోయి తిరిగొచ్చాడు. అప్పుడు శంఖుడు "న కుప్యే తవ ధర్మజ్ఞ" అన్నాడు. ధర్మం తెలిసినవాడా, నీమీద నాకు కోపం లేదని. దొంగా అనలేదు చూడండి. బాహుదాలో దిగి దేవతలకు, ఋషులకు, పితరులకు తర్పణం వదలమన్నాడు. వదలబోతే చేతులు మళ్ళీ వచ్చాయి. ఆ బాహుదా ఇదేనని మన స్థలపురాణం.

ఇంత తపశ్శక్తి ఉంది కదా, నన్ను ముందే పవిత్రుణ్ణి చేసుండొచ్చు కదా అని తమ్ముడు అడిగాడు. "నాహం దండధరస్తవ" అన్నాడు శంఖుడు. నిన్ను దండించే అధికారం నాది కాదు.

ఈ మాట నాకు మా ఇంట్లో పనికొచ్చింది. మా నాన్న మాతోనే ఉంటారు. డెబ్బై దాటాయి, కంట్లో శుక్లం. బండి తోలొద్దని డాక్టర్ చెప్పారు, మేమూ చెప్పాం. ఒకరోజు మేం లేనప్పుడు మనవణ్ణి ముందు నిలబెట్టుకుని టీవీఎస్ మీద కట్టమంచి వైపు పోయారు. మలుపులో పడ్డారు. ఆయనకు మోకాలు చెక్కుకుపోయింది, వాడికి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఎక్స్‌రే తీయించి పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాం. వెదురు బద్దలు, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన. ఇల్లంతా ఆ వాసనే. పిల్లాడు పక్కన కూర్చుంటే చాలు, నాన్న లేచి వరండాలోకి వెళ్ళిపోయేవారు. కంచంలో సంగటి సగం మిగిలిపోయేది.

అక్కడ తప్పు చేసింది తమ్ముడు, చెప్పింది అన్న. మన ఇళ్ళలో అది తలకిందులు. కన్న తండ్రికి కొడుకు ఏం చెబుతాడు? చెప్పకుండా ఊరుకుంటే రేపు ఇంకో ప్రమాదం. అందుకే తాళాలు తీసేసుకోవాల్సిందే, కంటి ఆపరేషన్‌కు తేదీ తీసుకోవాల్సిందే. శంఖుడు కూడా పోనీలే అనలేదు కదా. అయితే తాళాలు తీసుకున్నాక కూడా వారాల తరబడి మాట్లాడకపోవడం, చుట్టాలు వచ్చిన ప్రతిసారీ ఆ సంగతి ఆయన ముందే చెప్పడం, అది దండన. అది మన చేతిలో పెట్టిన పని కాదు.

నా భార్య సంగతి వేరు. బిడ్డ నొప్పితో రాత్రంతా ఏడిస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది తను. "పెద్దాయన కదా, వదిలెయ్" అని తనకు చెప్పడం అన్యాయం. తన కోపం ఎప్పుడు చల్లారాలో ఇంకొకరు చెప్పకూడదు. ఆ మాట నాన్నకూ చెప్పాను. "ఆ పిల్ల కోపంలో తప్పేముందిరా" అన్నారు.

ఈ కథలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది తర్పణం. చేతులు లేనివాణ్ణి తర్పణం వదలమన్నాడు శంఖుడు. చేతులు వచ్చాక వదులు అనలేదు. మనం నమ్మకం కుదిరాక పని చెబుదాం అనుకుంటాం. ఈలోపు ఆ మనిషి ఇంట్లో పరాయివాడైపోతాడు. పెద్ద వయసులో అది చాలా దుఃఖం. బండి లేకపోతేనేం, నడిచి చేసే పనులు ఎన్ని లేవు! పిల్లాణ్ణి స్కూలు దాకా నడిపించుకుపోయి దింపి రమ్మని నాన్నను అడిగాను. మొదట నావల్ల కాదన్నారు. తర్వాత సంచీ ఆయనే భుజాన వేసుకుని, వాడి మంచి చెయ్యి పట్టుకుని బయల్దేరారు.

మొన్న నా భార్య కూరగాయలకు పోతూ, "మామా, వాడికి కుడిచెయ్యి ఆడదు, అన్నం కలిపి పెట్టండి" అంది. ఆయన చేతులు కడుక్కోవడానికి అప్పుడే లేచారు.