చిక్కడపల్లిలో అద్దె ఇల్లు, కారుకు చోటు

భీమవరం నుంచి హైదరాబాదుకు బదిలీ అయినప్పుడు, ఇల్లు దొరకడం ఒక ఎత్తు, కారుకు చోటు దొరకడం ఒక ఎత్తు అని మా బ్యాంకులోని సీనియర్లు ముందే హెచ్చరించారు. నాకు పోస్టింగు ఇచ్చింది కోఠిలో. చిక్కడపల్లిలో ఇల్లు తీసుకుంటే, 2020 ఫిబ్రవరిలో మొదలైన జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో మార్గంలో చిక్కడపల్లి స్టేషనులో ఎక్కి, నారాయణగూడ దాటగానే కోఠి పక్కనే ఉన్న సుల్తాన్‌బజారులో దిగిపోవచ్చు. మావారు ఇంటి నుంచే పనిచేస్తారు. అందువల్ల వారమంతా కారు కదలవలసిన అవసరం లేదు. వినడానికి ఇది సౌకర్యంగానే ఉంటుంది గాని, అసలు చిక్కు ఇక్కడే ఉంది. రోజూ తిరిగే కారుకు రాత్రిపూట ఎక్కడో ఒకచోట సందు దొరికితే చాలు. కదలని కారుకు మాత్రం పగలూ రాత్రీ తనకంటూ ఒక చోటు కావాలి.

వీధిలో పెట్టుకుంటే సరిపోతుంది కదా అని ఇళ్లు చూపించిన బ్రోకరు తేలికగా అనేశారు. ఒకవైపు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు, ఇంకోవైపు వేంకటేశ్వరస్వామి గుడి, త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం, పక్కనే అశోక్‌నగర్‌లోని కోచింగ్ సెంటర్లు, వాటిని నమ్ముకుని వెలసిన హాస్టళ్లు ఉన్న ప్రాంతంలో, శనివారమైనా కొత్త సినిమా విడుదలైన రోజైనా సందుల్లో బండి దూర్చడమే కష్టం. దానికి తోడు మోటారు వాహనాల చట్టం 127వ సెక్షను ఉంది. బహిరంగ స్థలంలో పది గంటలు, అంతకు మించి ఎవరూ లేకుండా వదిలేసిన వాహనాన్ని గాని, నిషేధం ఉన్నచోట నిలిపిన వాహనాన్ని గాని అక్కడి నుంచి తరలించడానికి లేదా చక్రానికి తాళం వేయడానికి యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతించవచ్చు. తరలింపు ఖర్చు వాహన యజమానే భరించాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా కదలని మా కారును వీధిలో ఉంచడమంటే ఆ సెక్షనుకు ఎదురు వెళ్లి నిలబడడమే. కనుక అపార్టుమెంటు లోపల పార్కింగు లేని ఇల్లు ఎంత బాగున్నా చూడకూడదని నిర్ణయించుకున్నాం.

టు-లెట్ బోర్డు మీద 'కార్ పార్కింగు కలదు' అని ఉన్న ఇళ్లలోనూ తేడాలు చాలా ఉన్నాయి. ఒకచోట గేటు ముందరి రోడ్డునే పార్కింగుగా చూపించారు. మరోచోట స్టిల్టులో, అంటే స్తంభాల మీద లేపిన భవనం కింది ఖాళీ భాగంలో, చోటు ఉన్న మాట నిజమే గాని, అందులో సగం జనరేటరుకు, బోరు మోటారుకు పోయింది. పగటిపూట ఇల్లు చూడడానికి వెళితే ఈ సంగతులు పూర్తిగా తెలియవు, ఎందుకంటే అందరూ ఆఫీసులకు వెళ్లిన వేళ ఏ స్టిల్టు అయినా విశాలంగానే కనిపిస్తుంది. అందుకని నచ్చిన ప్రతి ఇంటికీ రాత్రి భోజనాల వేళ దాటాక మరొకసారి వెళ్లి, కార్లన్నీ తిరిగి వచ్చాక ఎంత చోటు మిగిలిందో చూసేవాళ్లం. మాది వాగన్ఆర్. దాని వెడల్పు 1,620 మిల్లీమీటర్లు, పొడవు 3,655. అద్దాలకు, తలుపు తెరిచి మనిషి దిగడానికి ఇంకొంత చోటు అవసరం. టేపుతో రెండు స్తంభాల మధ్య కొలుస్తుంటే ఒక ఇంటి యజమాని విస్తుపోయి చూశారు; ఆ చూపును పట్టించుకోనవసరం లేదని నా అభిప్రాయం.

చివరికి తీసుకున్న ఇంటికి పార్కింగు ఉంది గాని, అది ఒకదాని వెనుక ఒకటిగా రెండు కార్లు నిలిపే చోటు. లోపలి భాగం మా ఫ్లాటుది, బయటి భాగం పై అంతస్తులో ఉండే రిటైరయిన లెక్చరరు గారిది. ఈ ఏర్పాటును చూసే ఇంతకుముందు వచ్చిన వాళ్లు ఇద్దరు ముగ్గురు వెనక్కి వెళ్లిపోయారని వాచ్‌మన్ చెప్పాడు. మాకు మాత్రం అదే కలిసివచ్చింది. ఆయన కారు రోజూ బయటికి వెళుతుంది, మాది వెళ్లదు. కదలని కారు లోపల, కదిలే కారు బయట ఉంటే ఎవరూ ఎవరినీ పిలవనవసరం లేదు. ఇదే చోటు రోజూ ఉదయం ఎనిమిదింటికి కారులో ఆఫీసుకు వెళ్లేవారికి ఇచ్చి ఉంటే నెల తిరక్కుండానే తగాదా అయ్యేది.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ చోటు మీద హక్కు ఎవరిదో తేల్చుకోవడానికి కొంత సమయం పట్టింది. తన విక్రయ దస్తావేజులోనే పార్కింగు ఉందని యజమాని అన్నారు. స్టిల్టు అందరిదీ గనుక కేటాయింపు తమదేనని అసోసియేషన్ సెక్రటరీ అన్నారు. ఇద్దరి మాటా పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. హైదరాబాదులో ఫ్లాట్ల దస్తావేజుల్లో స్థలంలోని అవిభాజ్య వాటాతో పాటు కారు పార్కింగు విస్తీర్ణాన్ని కూడా రాయడం మామూలే. అయితే మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన ఒక కేసులో, స్టిల్టు పార్కింగు ఉమ్మడి భాగమేనని, దానిని బిల్డరు ప్రత్యేకంగా అమ్ముకోకూడదని 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ఆరుబయలు పార్కింగును ఉమ్మడి స్థలాల్లో చేర్చింది. ఈ వివాదాన్ని పరిష్కరించడం అద్దెకు వచ్చిన మా పని కాదు. ఇద్దరి దగ్గరా కాగితం తీసుకోవడమే మేము చేయగలిగింది. యజమాని దస్తావేజులోని ఆ పేజీ నకలు ఇచ్చారు. ఆ చోటు మా ఫ్లాటుకు కేటాయించినదేనని సెక్రటరీ అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద రాసి ఇచ్చారు.

ఆ తరువాత అద్దె అగ్రిమెంటు. అందరిలాగే మేమూ పదకొండు నెలలకే రాసుకున్నాం. టైపు చేసేవారి దగ్గర ఉండే నమూనాలో పార్కింగు ఊసే లేదు. షెడ్యూలులో ఫ్లాటు నంబరు, హద్దులు రాసిన చోటనే స్టిల్టులోని ఆ చోటును ఏ స్తంభాల మధ్య ఉందో గుర్తులతో రాయించి, దాని ఉపయోగానికి అద్దెలోనే సొమ్ము చేరి ఉందన్న వాక్యం జోడించమని అడిగాము. యజమాని కొంత తటపటాయించారు గాని, అడ్వాన్సు ఇంకా మా చేతిలోనే ఉంది కనుక ఒప్పుకున్నారు. తాళాలు తీసుకున్నాక ఇదే మాట అడిగి ఉంటే ఒప్పుకునేవారని నేను అనుకోను.

సామాను దించడం ఇంకొక పని. పగటివేళ నగరంలో పెద్ద వాహనాలకు ఆంక్షలు ఉంటాయి కాబట్టి, సామాను తెచ్చే డీసీఎం వ్యాను రాత్రికి రాత్రి ప్రయాణించి తెల్లవారకముందే చేరేలా మాట్లాడుకున్నాం. శని, ఆదివారాలు కాకుండా మంగళవారం చూసుకున్నాం. ఆ రోజు సామాను దించకూడదని మా అత్తగారు గొణిగినా చివరకు సరేనన్నారు. మేము కారులో ముందు రోజు సాయంత్రమే వచ్చి, వాచ్‌మన్‌కు చెప్పి, గేటుకు ఆనుకుని కారు నిలిపాము. డీసీఎం రాగానే కారును తీసి లోపల పెట్టి ఆ చోటులో బండిని నిలిపించాము. సందులో ద్విచక్ర వాహనాలు పెట్టే హాస్టలు కుర్రాళ్లకు ముందు రాత్రే చెప్పడం వల్ల వాళ్లు మారుమాట లేకుండా పక్కకు జరిపారు.

కారు లోపల పెట్టేశాక కూడా చూసుకోవలసినవి ఉన్నాయి. ఆదివారాలు బయటికి వెళ్లవలసి వస్తే ముందు రాత్రే లెక్చరరు గారికి ఫోను చేస్తాం. ఆయన లేకపోతే వాళ్లబ్బాయి కారు తీస్తాడు. ఆయన తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంచడానికి ఇష్టపడలేదు, మేమూ బలవంతం చేయలేదు. కదలని కారు బ్యాటరీ దిగిపోతుంది గనుక వారానికి ఒకసారి ఎక్కడికో ఒకచోటికి తిప్పి తెస్తాం. స్టిల్టులో ఎలుకలు వైర్లు కొరకకుండా బానెట్ తెరిచి చూసుకోవడం మావారి వంతు. బంధువులు కారులో వస్తే మాత్రం మా దగ్గర చోటు లేదు. వెనుక వీధిలోని ఒక ఖాళీ స్థలంలో డబ్బు కట్టి పెట్టించి, నడిపించి తీసుకువస్తాం.

పదకొండు నెలలు ముగిసి అగ్రిమెంటు తిరిగి రాసుకునేటప్పుడు, ఆ పార్కింగుకు నెలకు వేరుగా డబ్బు ఇవ్వడానికి పక్క అపార్టుమెంటు వాళ్లు సిద్ధంగా ఉన్నారని యజమాని చెప్పారు. పాత అగ్రిమెంటులోని వాక్యాన్ని, సెక్రటరీ ఇచ్చిన లేఖను ఆయన ముందు పెట్టాము. బయటివారి కారును లోపలికి రానిచ్చేది లేదని సెక్రటరీ కూడా గట్టిగా చెప్పారు. చివరికి అద్దె 5 శాతం పెంచడానికి ఒప్పుకుని పార్కింగు వాక్యాన్ని అలాగే ఉంచుకున్నాం. దానితో పాటు మావారి స్కూటరు నిలిపే మెట్ల పక్క చోటును కూడా ఈసారి షెడ్యూలులో రాయించాము.